స్తరిత ప్రవాహులలో చలనమూలముల వలన జనించు అంతస్తరంగములు

సముద్రజలము గాని, భూమిని ఆవరించియున్న వాయువు గాని అడుగునుండి పైవఱకు ఒకే సాంద్రతతో నుండదు. సాగరమున చల్లనిదియు, ఉప్పదనము మిక్కిలిగా గలదియు నగు నీరు అడుగున నిలువగా, వెచ్చనిదియు ఉప్పు తక్కువైనదియు నగు నీరు దానిపై పఱచుకొనియుండును. వాయుమండలమునందును, పీడనము తగ్గుటవలన కలుగు మార్పును మినహాయించి చూచినచో, సాధారణముగ బరువైన గాలి క్రిందను తేలికగాలి మీదను అమరియుండును. ఇట్లు పొరలుపొరలుగా నిలిచిన వాయుద్రవములకు స్తరిత ప్రవాహులని పేరు. వానియందు ఏ భాగమునైనను కొంచెము పైకెత్తి విడిచినచో, అది చుట్టునున్న దానికంటె బరువైనదగుటచే క్రిందికి దిగును. దిగిన వేగమున తన నెలవును దాటిపోయి, అచట తేలికయై మరల పైకి వచ్చును. ఈ ఊగిసలాట ప్రక్క పొరలకు సంక్రమించి ప్రవాహిగర్భమున వ్యాపించునపుడు ఏర్పడునవి అంతర్గత గురుత్వ తరంగములు, సంగ్రహముగా అంతస్తరంగములు. ఐన్‌స్టైన్ సిద్ధాంతమునకు చెందిన గురుత్వాకర్షణ తరంగములతో వీనికి పేరున పోలికయే తప్ప సంబంధ మేమియు లేదు.

ఈ తరంగములను పుట్టించు కారణములు పెక్కులు. వానిలో చలించు మూలములు ప్రత్యేకవిచారమునకు అర్హములు. రెండు పొరల నీటిపై సాగు ఓడయు, లోతున పోవు జలాంతర్గామియు, తాను కదలకున్నను వీచు గాలికి ఎదురొడ్డుటచే గాలిదృష్ట్యా చలించునదే యగు పర్వతమును, ధ్వనివేగమును మించి నేలపై పరుగిడు చంద్రుని నీడయు ఈ శాస్త్రమున ఒకే తెగకు చెందినవి. మూలము కదలునపుడు తరంగము లన్నియు నిలువవు. దానితో సమముగ సాగుచు, దానిమీద నున్నవానికి కదలనట్లు తోచునవి మాత్రమే నిలుచును. అట్లు నిలిచినవానికి కావలసిన శక్తిని ఆ మూలమే అచ్చుకొనవలెను. అది యిట్లు కోల్పోయిన ద్రవ్యవేగము నశింపక, తరంగములచే మోయబడి, కొన్నియెడల వందలమైళ్ల దూరమున వేఱొక ప్రవాహమునకు చేరును. ఓడ నిదానించుట మొదలుకొని ఊర్ధ్వాకాశపు శైత్యము వఱకు, ఈ వ్యాసమున చెప్పబోవు సంగతులన్నియు ఈ జమాఖర్చునుండియే వచ్చినవి.

ఈ విషయమున తొలి పరిశీలనములలో నొకటి బెంజమిన్ ఫ్రాంక్లిన్ చేసినది. 1762 లో మదీరా ద్వీపము దాటి ఓడలో పోవుచు ఆయన గాజుగ్లాసున నీరుపోసి, దానిపై నూనె పోసి, వత్తి వెలిగించి, ఓడగదిలో వ్రేలాడదీసెను. ఓడ ఊగుచుండగా నూనెపైభాగము నిశ్చలముగ నుండెను. దాని క్రింది నీరు మాత్రము అలలతో అల్లకల్లోలమగుచుండెను. పైకి ప్రశాంతముగ కనబడు ప్రవాహి లోలోపల ఎంత సంక్షోభమును దాచుకొనగలదో ఆ దీపము చూపినది. రెండు పొరల సరిహద్దున సాగు తరంగముల గణితమును 1847 లో స్టోక్సు రచించెను. సాంద్రత క్రమక్రమముగ మాఱు ప్రవాహియొక్క స్థైర్యమును 1883 లో రేలీ ప్రభువు విచారించెను. కాని కదలు వస్తువునకు వీనితో గల సంబంధము లోకమునకు తెలియుటకు ఉత్తరధ్రువయాత్రకు బయలుదేరిన యొక ఓడ అవసరమయ్యెను.

1893 ఆగస్టులో ఫ్రిజోఫ్ నాన్సెన్ నాయకత్వమున ఫ్రామ్ అను ఓడ సైబీరియా తీరమున, తైమీరు సమీపపు దీవుల నడుమ, మంచుపలకల అంచున సాగుచుండెను. గాలి లేదు, అలలు లేవు. యంత్రము పూర్తిబలముతో పనిచేయుచుండెను. ఐనను, ఆ బలముతో నాలుగున్నర నాటుల (గంటకు నాలుగున్నర నౌకామైళ్ల) వేగమున పోవలసిన ఓడ, ఒకటిన్నర నాటుకు దిగజారి, అడుగు తీసి అడుగు వేయలేక ఈడ్చుకొనుచు పోయెను. సీలుజంతువులను వేటాడుటకై నాన్సెన్ చిన్నపడవనెక్కి తెడ్లు వేసికొని ముందుకు సాగిపోవుటకు నిశ్చయించునంత నెమ్మది అది. ఓడను వంకరటింకరగా నడిపిరి; గిరగిర త్రిప్పి చూచిరి; ఫలము లేకపోయెను. యంత్రము నాపిన క్షణముననే వెనుకనుండి ఎవరో పట్టిలాగినట్లు ఓడ నిలిచిపోవుచుండెను. ఈ సందర్భమున నాన్సెన్ వ్రాసికొన్న సూక్ష్మాంశ మొకటి శాస్త్రమునకు మిక్కిలి ఉపకరించినది: సముద్రపు పైనీరు త్రాగుటకు వీలైనంత మంచినీరు, యంత్రశాల అడుగుగొట్టమున వచ్చిన నీరో, బాయిలరుకు పనికిరానంత ఉప్పనిది. ఉపద్రవము నడుమ నుండియు పైనీటిని అడుగునీటిని వేర్వేఱుగ గమనించి వ్రాసి పెట్టిన ఆ జాగరూకత మెచ్చదగినది.

ఇట్టి జాడ్యమును నార్వే నావికులు మృతజలమను పేర వెనుకటినుండియు ఎఱుగుదురు. కరిగిన మంచునీరో, నదీజలమో ఉప్పునీటిపై పలుచని పొరగా పరచుకొన్నచోట్ల ఇది కనబడుచుండెడిది. ఓడకు మంచినీరు అంటుకొని వెంటవచ్చుటచే బరువెక్కునని కొందఱు తలచిరి. ప్రాచీన రోమునందు ప్లినీ, ఆంటోనీ నౌక నిలిచిపోవుటకు ఓడనంటి పట్టుకొను యొక చిన్నచేప కారణమని వ్రాసెను. నాన్సెన్ తిరిగివచ్చిన పిమ్మట 1898 లో విల్హెల్మ్ బియర్క్నెస్‌ను అడుగగా, ఓడ పైపొరలో నడచుచు సరిహద్దున అదృశ్యతరంగములను లేపుచున్నదనియు, యంత్రశక్తి వానికై వ్యయమగుచున్నదనియు ఆయన ఊహించెను. ఆ ఊహను పరీక్షించు పని ఆయన శిష్యుడు వాన్ వాల్‌ఫ్రిడ్ ఎక్‌మన్‌కు లభించినది. ఎక్‌మన్ గాజుతొట్టిలో ఉప్పునీటిపై మంచినీరు నిలిపి, నమూనా ఓడలను దారముతో లాగి, సరిహద్దున లేచు అలలను కన్నులార చూచి, నిరోధమును కొలిచి, 1904 లో గ్రంథముగ ప్రకటించెను. చలనమూలముల అంతస్తరంగశాస్త్రమునకు అదియే మూలగ్రంథ మనవచ్చును.

ఎక్‌మన్ కనుగొన్న దానిని ఒక్క లెక్కతో గ్రహింపవచ్చును. నీటిపైని సాధారణపు అలను వెనుకకు లాగు బలము నీటికిని గాలికిని గల సాంద్రతాభేదమునుండి వచ్చును. ఆ భేదము మిక్కిలి పెద్దది. మంచినీటికి ఉప్పునీటికి నడుమ భేదమో నూటికి రెండున్నర పాళ్లు మాత్రమే. కావున సరిహద్దుతరంగము మిక్కిలి మందగామిని. మంచినీటిపొర 3 మీటర్ల మందము కలదై, క్రింది సముద్రము చాల లోతైనదైనచో, ఆ తరంగముల గరిష్ఠవేగము సెకనుకు సుమారు 0.86 మీటరు, అనగా 1.7 నాటులు. ఓడ ఈ వేగమునకు ఇంచుక లోబడి పోవుచున్నంతవఱకు దానితో సమముగ నడువగల అల యెల్లప్పుడు దొరకును. ఓడ శక్తిని ఆ అల అపహరించుచు పెరుగును. ఓడ ఎంత బలముగ త్రోయునో అల అంత పెద్దదగును గాని వేగము పెరుగదు. ఫ్రామ్ ఒకటిన్నర నాటు దగ్గర చిక్కుకొనుట ఇందువలననే. ఒకమాఱు ఆ సీమను దాటినచో, ఓడతో సమముగ నడువ శక్తిలేక అడ్డపు అలలన్నియు వెనుకబడిపోవును; నిరోధము ఒక్కసారి పడిపోవును. నేటి సరకు నౌకలు మృతజలమున చిక్కుకొనమికి ఇదియే హేతువు; 15 నాటుల వేగమున పోవు ఓడకు ఆ సీమ ఆమడదూరమున వెనుక నున్నది. ఐనను తరంగములు పుట్టుట మానవు. ఓడ వెనుక పలుచని కోణాకృతిలో చీలి ప్రక్కలకు పోవుచుండును. అంతస్తరంగవేగము సెకనుకు ఒక మీటరును, ఓడవేగము దాదాపు ఎనిమిది మీటర్లును ఐనచో, ఆ కోణమున ఒక్కొక్క భుజము ఓడదారితో ఏడు డిగ్రీలను మాత్రమే ఏర్పఱచును. లోతైన నీటి పైతలమున ఓడలు వదలు జాడకు 1887 లో కెల్విన్ నిరూపించిన 19 డిగ్రీల 28 నిమిషముల కోణము వేగముతో మాఱదు. ఈ లోపలిజాడ మాత్రము వేగము హెచ్చినకొలది ఇఱుకగుచు పోవును.

రెండు పొరలను విడిచి, సాంద్రత నిరంతరముగ మాఱు ప్రవాహికి వచ్చినచో విషయము మఱింత రమణీయమగును. అచట ఎత్తివిడిచిన భాగము స్వయముగ ఊగు పౌనఃపున్యమునకు ప్లవన పౌనఃపున్యమని పేరు. ఫిన్లండు దేశస్థుడైన వైసాలా 1925 లోను, ఇంగ్లండున బ్రంట్ 1927 లోను దీనిని వేర్వేఱుగ ప్రతిపాదించుటచే ఇద్దఱి పేరును దీనికి చేరినది. మనము నివసించు అధోవాయుమండలమున ఒక్క ఊపునకు పట్టుకాలము సుమారు పది నిమిషములు. దానిపైనున్న స్ట్రాటోస్ఫియరున ఐదు నిమిషములు. సముద్రమున ఉష్ణోగ్రత వడిగా మాఱు పొరయందు పది నిమిషముల ప్రాంతము. అగాధజలములందు గంటయు, అంతకు మించియు. అంతస్తరంగమేదియు ఈ పౌనఃపున్యమును మించి ఊగజాలదు. అంతకు వడిగా కదల్చిన ప్రవాహి దగ్గఱదగ్గఱనే చలించి ఊరకుండును. తరంగము దూరమునకు పోదు.

ఇంతకన్న విచిత్రమైనది వీని దిశానియమము. చెఱువున రాయి వేసినచో వలయములు లేచి అన్ని దిక్కులకు సమముగ వ్యాపించును. అల పోవు దిక్కే శక్తి పోవు దిక్కు. అంతస్తరంగమునందు ఈ రెండును ఒకదానికొకటి లంబములు. శృంగములు ఒక వంకకు జరుగుచుండగా శక్తి ఆ శృంగముల వెంబడియే జారిపోవుచుండును. శక్తి పైకి పోవునపుడు శృంగములు క్రిందికి దిగుచున్నట్లు కనబడును. ఆ శక్తికిరణము నిలువుగీతతో చేయు కోణమును నిర్ణయించునది తరంగదైర్ఘ్యము కాదు, పౌనఃపున్యము మాత్రమే. ప్లవన పౌనఃపున్యముతో సమముగ ఊగినచో కిరణములు నిట్టనిలువుగ లేచును. అందు సగముతో ఊగినచో నిలువుతో 60 డిగ్రీల కోణమున వాలును. ఇంకను మందముగ ఊగినచో నేలబారుగ పోవును.

దీనిని కనులతో చూడగోరువాడు పొడవైన గాజుతొట్టిలో ఉప్పునీటిని క్రమముగ నింపవలెను. రెండు పాత్రలను గొట్టముతో కలిపి, ఒకదానిలోని మంచినీటిలో రెండవదాని ఉప్పునీరు కొంచెముకొంచెముగ కలియుచుండగా, ఆ మిశ్రమమును తొట్టి అడుగునుండి మెల్లగ ఎక్కించుట వాడుక. నీరు నిలుకడకు వచ్చిన పిదప, నడిమిలోతున అడ్డముగ నొక కడ్డీని ఉంచి మెల్లగ క్రిందికి మీదికి ఊపవలెను. అపుడు దానినుండి వలయములు లేవవు. నాలుగు వంకలకు నాలుగు ఏటవాలు కిరణములు మాత్రము వెడలి, గుణకారచిహ్నము వంటి ఆకృతిని ఏర్పఱచును. ఊపు వేగము మార్చినచో ఆ గుణకారపు చేతులు కత్తెరవలె తెఱచుకొనుటయో మూసికొనుటయో జరుగును. ఇట్టి దృగ్విషయమును జర్మనీలో గోర్ట్‌లర్ 1943 లో చూపెను. 1967 లో మోబ్రే, రారిటీ అనువారు కాంతివక్రీభవనము నుపయోగించి స్ఫుటమైన ఛాయాచిత్రములు తీసి, సిద్ధాంతముతో సరిపోల్చిరి. 1999 ప్రాంతమున కేంబ్రిడ్జిలో డాల్జీల్ ప్రభృతులు, తొట్టి వెనుక చుక్కలో గీతలో గల తెరనుంచి, నీటిసాంద్రత మాఱినపుడు ఆ గుర్తులు జరిగినట్లు తోచుటను కెమెరాతో కొలిచి, తరంగము యొక్క పరిమాణమునే లెక్కగట్టు విధానమును ప్రచారములోనికి తెచ్చిరి.

ఇపుడు ఆ కడ్డీకి బదులు చిన్నగోళము నుంచి, ఊపక, అడ్డముగ సమవేగమున లాగుదము. గోళము ఏ పౌనఃపున్యమును విధించుట లేదు. కాని దాని వెనుకనున్న ప్రతి తరంగము, గోళముతో పాటు నడచునదై యుండవలెనను నిబంధన వలన, తన దిక్కునకు తగిన పౌనఃపున్యమును తానే ధరించును. గోళము దారికి సరిగా పైని క్రిందినున్న నిలువుతలమున తరంగదైర్ఘ్యము గోళవేగమును ప్లవన పౌనఃపున్యముచే భాగించి, రెండు పైలతో (2π) గుణించినంత. అనగా ఒక ఊపు పట్టునంతకాలమున గోళము పోవు దూరమే ఆ దైర్ఘ్యము. యాభై సెంటీమీటర్ల లోతున సాంద్రత నూటికి ఐదుపాళ్లు మాఱు తొట్టిలో, ఊపునకు ఆఱు సెకనులు పట్టును. గోళము సెకనుకు 2 సెంటీమీటర్లు పోయినచో తరంగదైర్ఘ్యము పన్నెండున్నర సెంటీమీటర్లగును. దారికి ప్రక్కలనున్న తరంగములు ఇంతకన్న పొట్టివి. ఇచట గుర్తింపదగినది, ఏకరీతిగ స్తరితమై హద్దులు లేని ప్రవాహిలో ఈ జాడకు కెల్విన్ కోణము వంటి ఎల్ల యేదియు లేదు. అది మూలము వెనుకటి ప్రదేశమునంతటిని ఆక్రమించును. కెల్లర్, మంక్ అనువారు 1970 లోను, మైల్స్ 1971 లోను ఈ జాడల ఆకృతిని వివరించిరి. లైట్‌హిల్ 1978 నాటి తరంగగ్రంథమున దీనికి సాధారణసూత్రమును సుబోధముగ నిలిపెను. వోయిజాఁ 1991, 1994 సంవత్సరముల పత్రములలో బిందుమూలముల సమస్యను సమగ్రముగ సాధించెను. మూలము నిలువుగ పడుచున్నను తరంగములు లేచును. అట్టి పతనమునకు కలుగు నిరోధమును వారెన్ 1960 లో గణించెను.

గోళము మఱీ నెమ్మదిగ పోయినచో ప్రవాహి దానిపైకి ఎక్కి దిగుటకు చాలినంత శక్తి లేక, అడ్డముగ చుట్టి పోవును. వేగమును ప్లవన పౌనఃపున్యముచే భాగించిన దూరమే ప్రవాహి ఎక్కగల ఎత్తునకు కొలత. దీనిని వస్తుపరిమాణముతో పోల్చిన నిష్పత్తికి ఫ్రూడ్ సంఖ్య యని పేరు. సెకనుకు 5 మీటర్ల వేగమున వీచు స్థిరమైన రాత్రిగాలి, 1,200 మీటర్ల కొండకు తగిలినచో, పై ఐదువందల మీటర్ల గాలి మాత్రమే శిఖరమును దాటును. క్రింది ఏడువందల మీటర్ల గాలి కొండను చుట్టుకొని పోవును. లోయలలోని పొగ రాత్రులందు కొండ నెక్కక అచటనే పేరుకొనుటకు గల కారణములలో ఇదియొకటి. వేగము హెచ్చు వస్తువుల వెనుక సుడులతో కూడిన మథితజలము కొంతసేపు ఉబ్బి, పిమ్మట తన బరువున చదునైపోవుచు మఱికొన్ని తరంగములను విడుచును. స్పెడింగ్ 1997 లో చూపినట్లు, అట్లు చదునైన సుడులు పలుచని పళ్లెములవలె పొరలలో నిలిచి, నూఱు ఊపుల కాలము గడచినను చెరగవు. లోతున పోయిన వస్తువు తన దారిని ఇంత దీర్ఘకాలము చాటుచుండుట జలాంతర్గాముల రహస్యమును కాపాడగోరు నావికాదళములకు ఆందోళన కలిగించినది. ఈ శాస్త్రమునకు లభించిన ధనసహాయమున కొంతభాగ మట్లు వచ్చినదే.

వాయుమండలమున ఈ విద్యకు తొలి గురువులు గాలియోడల వారు. జర్మనీకి చెందిన వోల్ఫ్ హిర్త్ 1933 లో రీసెన్‌గెబిర్గె పర్వతముల గాలిమరుగున, మైదానముపై, ఎండవేడి తోడు లేకయే తన గ్లైడరు పైకెగయుట గమనించెను. అచటి పల్లెజనులు మోత్సగోటల్ అని పిలుచు, గాలి ఎంత వీచినను కదలని మేఘము తరంగశృంగమున నిలిచినదే యని తరువాత క్యూట్నర్ పరిశీలనములు స్థాపించినవి. సెకనుకు 10 మీటర్ల గాలికి తరంగదైర్ఘ్యము ఆఱు కిలోమీటర్లకు పైబడును. శృంగమున చల్లబడిన తేమ మేఘమగును, తరంగపు లోయకు దిగినచో కరిగిపోవును. గాలి దానిగుండ పోవుచునే యుండును. లీరా, కెనే అనువారి గణితము పైకి పోవు తరంగములను వివరింపగా, స్కోరర్ 1949 లో గాలివేగము ఎత్తుతో మాఱునపుడు తరంగములు అధోమండలముననే బంధింపబడి, పర్వతము వెనుక పదులకొలది శృంగములుగ వరుసదీరునని చూపెను. కాలిఫోర్నియాలో సియెర్రా పర్వతముల చెంత 1951, 1952 సంవత్సరములలో గ్లైడర్లతోనే వీనిని విపులముగ కొలిచిరి. 2018 సెప్టెంబరులో పెర్లాన్ అను యంత్రరహిత విమానము ఆండీస్ పర్వతతరంగముల ఊతమున 76,000 అడుగులకు పైబడి ఎక్కినది. కాని ఇదే తరంగము విఱిగినపుడు ప్రాణాంతకము. 1966 మార్చి 5 వ తేదీన జపానులో ఫ్యూజీ పర్వతపు గాలిమరుగున బోయింగు 707 విమానమొకటి గాలిలోనే విచ్ఛిన్నమై, అందున్న 124 మందియు మరణించిరి. పర్వతముల మరుగున నిర్మలాకాశమున గల క్షోభను నేడు విమానచోదకులకు ముందుగ తెలుపుచుండుటకు వెనుక అట్టి మరణము లున్నవి.

పర్వతము గాలినుండి తీసికొన్న ద్రవ్యవేగ మెచటికి పోవును? నష్టము లేనంతవఱకు తరంగము దానిని ఎంత ఎత్తునకైనను తగ్గకుండ మోయునని ఎలియాసెన్, పామ్ 1961 లో నిరూపించిరి. గాలివేగమును తరంగవేగమును సమమగు ఎత్తున తరంగము మ్రింగబడునని బుకర్, బ్రెథర్టన్ 1967 లో చూపిరి. పైకి పోవుకొలది గాలి పలుచనగుటచే, అదే శక్తికి ఊపు పెద్దదగుచుండును. 80 కిలోమీటర్ల ఎత్తున సాంద్రత నేలమీది దానిలో సుమారు అఱువదియాఱు వేలవ వంతు, కావున తరంగపు ఊపు దాదాపు 250 రెట్లు పెరుగవలెను. అంతకు మునుపే అది తాళలేక విఱిగి, తాను మోసికొని వచ్చిన ద్రవ్యవేగమును అచటి గాలికి అప్పగించును. ఇందువలన కలుగు ఫలము నమ్మశక్యము కానంతటిది: ఎండ దినమంతయు కాయు వేసవి ధ్రువాకాశమున, 85 నుండి 90 కిలోమీటర్ల ఎత్తున, వాయుమండలములోకెల్ల శీతలమైన ప్రదేశ మేర్పడును. విఱిగిన తరంగములు గాలిని అడ్డగించి ధ్రువముననుండి ప్రక్కకు తోయగా, ఆ లోటును పూరించుటకు క్రిందిగాలి పైకెక్కి, వ్యాకోచించి, సున్నకు దిగువ 130 డిగ్రీలకు పైగా చల్లబడును. 1980ల దశకమున వాతావరణ గణననమూనాలలో పర్వతతరంగముల నిరోధమును చేర్చినపిదపనే, శీతకాలపు పడమటిగాలులు వాస్తవమునకు మించి బలముగ వచ్చుట అను దోషము తగ్గినది. తిరుపతి చెంత గాదంకిలో 53 మెగాహెర్ట్‌జుల రాడారు ఈ తరంగములను తలమీది ఆకాశమున నేరుగ గమనించుచున్నది. ఉష్ణమండలమున ఉఱుము మేఘములు వీనికి ముఖ్యమూలములగుటచే ఆ కేంద్రపు స్థానము మిక్కిలి తగినది.

మూలము ఘనవస్తువే కానక్కఱలేదు. చంద్రుని నీడ పడినచోట వాయువు చల్లబడును. ఆ చల్లని మచ్చ ధ్వనికన్న వేగముగ పరుగిడును. కావున ఓడముందు అలవలె ఆకాశమున విల్లువంటి తరంగమొకటి లేవవలెనని చిమోనాస్, హైన్స్ 1970 లో సూచించిరి. 1980 ఫిబ్రవరి 16 వ తేదీన హైదరాబాదు సమీపమున జాపాల్-రంగాపూర్ వేధశాలమీదుగ సాగిన సంపూర్ణగ్రహణపు నీడ ఇట్టి చలనమూలమే. 2017 ఆగస్టు 21 వ తేదీ అమెరికా గ్రహణమున, ఉపగ్రహ సంకేతముల ద్వారా అయనోస్ఫియరున విల్లువంటి తరంగములు స్పష్టముగ పట్టుబడినవి. శుక్రగ్రహమున జపానువారి అకట్సుకి అంతరిక్షనౌక 2015 డిసెంబరులో పదివేల కిలోమీటర్ల పొడవుగల వింటి ఆకృతిని కనుగొన్నది. అచటి మేఘములు మహావేగమున పోవుచుండగా, అది మాత్రము అఫ్రొడైటీ యను ఉన్నతభూమిమీద కదలక నిలిచియుండెను. మన కొండల గాలిమరుగున నిలుచు మేఘమునకు అది జ్ఞాతి.

సముద్రమునకు మరలినచో, లోపలి తరంగములు పైతలపు చిఱుఅలలను ఒకచోట కుదించి మఱొకచోట సాగదీయుటచే, నునుపైనవియు గరుకైనవియు నగు చారలు నీటిపై ఏర్పడును. 1978 లో సీశాట్ ఉపగ్రహపు రాడారు వీనిని ఆకాశమునుండి చిత్రించినది. స్కాట్లండులో లాఖ్ లిన్నీ అను సముద్రపుపాయయందు, మంచినీరు ఉప్పునీటిపై నిలుచుచోట, ఓడలను నడిపి వాని అంతర్గత జాడలను రాడారుతోను నీటిలోని పరికరములతోను ఏకకాలమున కొలిచి, 1992 లో ప్రకటించిరి. ఓడలకన్న బలమైన మూలము ఆటుపోటుల ప్రవాహము. సముద్రగర్భపు గట్టుపై అది అటునిటు సాగునపుడు, గట్టే నీటిలో చలించుచున్నదనుకొన్నను లెక్క మాఱదు. అండమాను సముద్రమున ఇట్లు పుట్టి, 60 మీటర్ల వఱకు పొరలను ఎత్తిదించు ఏకాకితరంగములను ఓస్బర్న్, బర్చ్ 1980 లో వర్ణించిరి.

బంగాళాఖాతము ఈ శాస్త్రమునకు సహజమైన తొట్టి. గంగా బ్రహ్మపుత్రలు, మహానది, గోదావరి, కృష్ణ వర్షకాలమున పోయు మంచినీరు ఉప్పునీటిపై తేలి, ప్రపంచసముద్రములలో అరుదైన తీవ్రస్తరణమును కలిగించును. అండమాను నికోబారు గట్టులపై పుట్టిన ఆటుపోటు తరంగములు దీనిని దాటి భారతపు తూర్పుతీరమును చేరును. 1950ల దశకమున ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చి సముద్రశాస్త్రపరిశోధనకు పునాదివేసిన అమెరికా శాస్త్రజ్ఞుడు యూజీన్ లఫాండ్, తన సహచరులతో కలిసి, విశాఖపట్టణపు సముద్రమున ఉష్ణోగ్రతాస్తరములు ఆటుపోటుల కాలక్రమముతో పైకి క్రిందికి ఊగుటను కొలిచెను. ఈ ఊగుటచే నీటిలో ధ్వని పోవు మార్గము గంటగంటకు వంగుచుండును. ఉదయము విననైన ఓడ మధ్యాహ్నము సోనారుకు వినరాకపోవచ్చును. జలాంతర్గామికి ఇంతకన్న తీవ్రమైన చిక్కు కలదు. చుట్టునున్న నీటితో బరువు సరితూచుకొని లోతున నిలుచు ఆ నౌకను పెద్ద అంతస్తరంగము దాటునపుడు, పైనుండి తేలికనీరు దిగివచ్చి చుట్టుముట్టును. నౌక బరువు మాఱకయే భారమై, నీటితోపాటు దిగజారును. నడిపించువారు వెంటనే బరువునీటిని బయటికి తోసి వేగము పెంచవలెను. తరంగపు వెనుకభాగము రాగానే అంతయు త్రిప్పి చేయవలెను. కావున తీవ్రముగ స్తరితమైన జలములలో సంచరించు నౌకలకు పొరల లోతును, ఆటుపోటుల వేళలను ముందుగ లెక్కించి యిచ్చుట సముద్రశాస్త్రజ్ఞుల నిత్యకృత్యములలో చేరినది.